పి.డి. గారికి బదిలీ అయింది

ఆటలంటే నాకు చిన్నప్పట్నించీ పిచ్చి. ఆడటం కాదు సుమండీ, చూడటం. నా జన్మకి నేను ఆడినవి తొక్కుడుబిళ్ళ, వామనగుంటలు. అవి కూడా ఎదుటివాళ్ళని గెలిపించడానికే ఆడినట్టుండేది. కానీ గట్టుమీద కూచుని, ఇంకొకళ్ళు ఆడుతుంటే "అయ్యో, అటు కాదే పిల్లా, ఇటు తిరుగు" అని పళ్ళు కొరుక్కోవడంలో నన్ను మించినవాళ్ళు మా నరసరావుపేటలో లేరని మావారి అభిప్రాయం. బి.ఏ. చదివే రోజుల్లో స్నేహితురాళ్ళంతా మ్యాట్నీకి పరుగెత్తుతుంటే నేను ఇంటర్ కాలేజియేట్ కబడ్డీ పోటీలకు పరుగెత్తేదాన్ని. ఇరవై ఏళ్ళు దాటినా ఆ పరుగు తగ్గలేదు. కాకపోతే ఇప్పుడు నడిచి వెళుతున్నాను.

మా ఇంటి వెనక సందు దాటితే కాలేజీ గ్రౌండు. ఏ కాలేజీ అని అడక్కండి. పేటలో కాలేజీలకు కొదవా? మీకు తోచినదేదో ఒకటి అనుకోండి. సాయంత్రం నాలుగున్నరకి వంటింటికి గొళ్ళెం పెట్టి, వేపచెట్టు కింద సిమెంటు బెంచీ మీద చేరతాను. ఆడపిల్లల కబడ్డీ ప్రాక్టీసు ఆరింటిదాకా సాగుతుంది. మా ఎదురింటావిడ ఓ రోజు ఉండబట్టలేక అడిగేసింది, "రోజూ అక్కడికెళ్తున్నావు, నవలకి కథ కోసమా వదినా?" అని. "కాదొదినా, కబడ్డీ కోసం" అంటే నమ్మందే! రచయిత్రి అన్నాక ఏం చేసినా కథ కోసమే చేస్తుందని లోకానికి గట్టి నమ్మకం. ఆ లెక్కన నేను కూరగాయల మార్కెట్టుకి వెళ్ళడం కూడా కథ కోసమే కాబోలు. అక్కడి ధరలు వింటే కథ కాదు, ఏడుపొస్తుంది.

సరే, అసలు విషయానికొస్తాను. 2023 నవంబరులో మా కాలేజీ పి.డి. గారికి బదిలీ అయింది.

పి.డి. అంటే ఫిజికల్ డైరెక్టరు. ఆటల మాస్టారు. పట్నాల్లో క్రికెట్టుకో కోచ్, టెన్నిస్‌కో కోచ్ విడివిడిగా ఉంటారు. మన జిల్లా కాలేజీలో అన్నింటికీ కలిపి ఒక్కడే పి.డి. కబడ్డీ నేర్పేదీ ఆయనే, గుండు విసరడం నేర్పేదీ ఆయనే, ఆగస్టు పదిహేనుకి పిల్లల చేత కవాతు చేయించేదీ ఆయనే, వార్షికోత్సవానికి కుర్చీలు లెక్కపెట్టుకునేదీ ఆయనే. ఈయన ఏడేళ్ళు ఉన్నాడిక్కడ. బట్టతల, మెళ్ళో ఈల, కాళ్ళకి ఎప్పుడో తెల్లగా ఉండి ఉండాల్సిన బూట్లు. మాట కరుకు. కూతకెళ్ళిన పిల్ల గీత తాకకుండా వెనక్కి వస్తే ఆయన వేసే కేక మా వంటింట్లోకి వినపడేది. ఇరవై ఏళ్ళు కథలు రాశాను గానీ, అంత కరుకు మనిషి చుట్టూ అంతమంది ఆడపిల్లలు అంత ధీమాగా తిరగడం ఎక్కడా రాయలేదు. రాస్తే ఎడిటరు గారు నమ్మరు.

కబడ్డీకి కోర్టులో దిగేది ఏడుగురు. ఆ ఏడుగురి కోసం ఆయన పధ్నాలుగు మందిని పోగుచేశాడు. ఎక్కడెక్కడివాళ్ళో! గురజాల వైపు నించి ఇద్దరు, మాచర్ల అవతల తండా నించి ఒకమ్మాయి, కారెంపూడి, దుర్గి, రొంపిచర్ల, ఇట్లా. కొందరు హాస్టల్లో ఉంటారు, కొందరు పల్లెవెలుగు బస్సుల్లో వచ్చిపోతారు. పోటీలు వచ్చేది సరిగ్గా పత్తి తీతల కాలంలో. పత్తి అయిపోయేసరికి మిరపకాయ కోతలు తగులుకుంటాయి. కూలికి మనిషి దొరకని కాలంలో ఇంట్లో ఉన్న పద్ధెనిమిదేళ్ళ పిల్లని, "ఆట ఆడుకుని రామ్మా తల్లీ" అని ఏ రైతు పంపుతాడు చెప్పండి? అందులోనూ పరాయి ఊరు, రాత్రి ప్రయాణం, పొట్టి నిక్కరు. పొట్టి నిక్కరు దగ్గరే సగం ఇళ్ళు తలుపేసేస్తాయి.

ఆ తలుపులు తెరిపించడమే ఆయన చేసిన కోచింగు. కబడ్డీ తర్వాత సంగతి.

బదిలీ ఆర్డరు వచ్చింది ఎప్పుడనుకున్నారు? ఇంటర్ కాలేజియేట్ పోటీలకు పన్నెండు రోజుల ముందు. అక్కడ బాగా ఆడినవాళ్ళని యూనివర్సిటీ జట్టుకి తీసుకుంటారు. మాది నాగార్జున యూనివర్సిటీ. 1976లో అది పుట్టకముందు మన గుంటూరు జిల్లా కాలేజీలన్నీ ఆంధ్రా యూనివర్సిటీ కింద ఉండేవి. యూనివర్సిటీ జట్టులో పేరుంటే సౌత్ జోన్‌కి, అక్కడ గెలిస్తే ఆలిండియా అంతర విశ్వవిద్యాలయ పోటీలకి. ఆ సర్టిఫికెట్టుకి రేపు పోలీసు ఉద్యోగంలోనో రైల్వేలోనో స్పోర్ట్స్ కోటా కింద విలువుంటుంది. ఆడపిల్లకి అది వట్టి కాయితం కాదండీ. "ఇంకో రెండేళ్ళు పెళ్ళి మాట ఎత్తకండి" అని నాన్నతో చెప్పడానికి అదొక ఆధారం.

ఆయన చార్జి అప్పగిస్తున్న రోజున నేను బెంచీ మీదే ఉన్నాను. స్టోర్ రూము తలుపు తీసి పెట్టి, గుమస్తా రిజిస్టరు పట్టుకుని ఒక్కొక్కటే చదువుతున్నాడు. వాలీబాల్ నెట్లు రెండు, ఒకటి చినిగినది. షాట్‌పుట్ గుండ్లు మూడు. డిస్కస్సులు రెండు. ఈలలు రెండు. చెస్ బోర్డు ఒకటి, మంత్రి లేదు. ఆ మంత్రి ఏమైందో తేలేదాకా గుమస్తా సంతకం పెట్టనన్నాడు. పావుగంట వెతికారు. చివరికి "మంత్రి ఒకటి తక్కువ" అని రాసుకుని సంతకాలు చేసుకున్నారు. అంత పక్కాగా అన్నీ లెక్కపెట్టారు గదా, కిటికీ అవతల వరసగా నిలబడి చూస్తున్న పధ్నాలుగు మంది ఆడపిల్లల మాట ఆ రిజిస్టర్లో ఎక్కడా రాలేదు. రావడానికి దాన్లో గడి లేదు.

గడి ఉన్న పుస్తకం ఒకటుంది. అది ఆయన సొంతం. నీలం అట్ట నోటుబుక్కు. "మీ సీరియల్లో కంటే దీన్లో కథలెక్కువమ్మా" అని నన్ను ఆటపట్టిస్తూ ఒకసారి చూపించాడు. పిల్లల పేర్లు ఇక్కడ రాయను. ఒకమ్మాయి ఎదుట ఇట్లా ఉంది: "రక్తం తక్కువ. బెల్లం, వేరుశనక్కాయలు. అడిగితే తిన్నానంటుంది, నమ్మొద్దు." ఇంకో అమ్మాయికి: "అన్నకి ఫోను చెయ్యకూడదు. అమ్మకే." ఇంకో పేరు పక్కన: "నవంబరులో రెండు వారాలు పత్తికి పోతుంది. ఎందుకు రాలేదని అందరి ముందూ అడగొద్దు." మూడో పేజీ నిండా బస్సు టైములు. ఏ బస్సు ఏ ఊరి అడ్డరోడ్డు మీద ఆగుతుందో, అక్కణ్ణించి ఇల్లు ఎంత దూరమో, దారిలో లైటు ఉందో లేదో. ఆట సంగతి వెతికితే ఎక్కడో ఒక వాక్యం, "ఎడమ కాలు ముందు వేస్తుంది, మార్చాలి" అని.

ఆ పుస్తకాన్ని ఆయన కొత్తగా వచ్చినాయన చేతికిచ్చాడు. ఆయన మర్యాదగా తీసుకుని, రెండు పేజీలు తిప్పి, "నంబర్లు ఫోన్లో ఫీడ్ చేసుకుంటాను సార్" అని కిటికీ గట్టు మీద పెట్టాడు.

కొత్తాయన కుర్రాడు. పటియాలాలో, 1961లో మొదలైన ఆ జాతీయ క్రీడా సంస్థ ఉంది చూశారూ, అక్కడ డిప్లొమా చేసి వచ్చాడు. మర్యాదస్తుడు, ఒక్క కేకా వెయ్యడు. ల్యాప్‌టాప్‌లో వీడియోలు పెట్టి, ఎక్కడ అడుగు తడబడిందో ఆపి ఆపి చూపిస్తాడు. వచ్చిన నాలుగో రోజే, మూడేళ్ళుగా కూతకెళుతున్న మా కారెంపూడి పిల్లని తీసుకెళ్ళి ఎడమ మూలలో పట్టుకి నిలబెట్టాడు. గ్రౌండు గేటు దగ్గర టీకొట్టు బాబాయి కోపంతో గ్లాసు బల్లకేసి కొట్టాడు. నాకూ మనసు చివుక్కుమంది. కానీ ఆ పిల్ల చీలమండ పట్టు చూశాక, ఆటపరంగా ఆ కుర్రాడి లెక్క సరైనదేనని ఒప్పుకోక తప్పలేదు. పట్టింది వదల్లేదు పిల్ల.

టీకొట్టు దగ్గర మాత్రం ఊరు రెండయింది. పాత సారు పార్టీ, కొత్త సారు పార్టీ. పల్నాడు కదండీ, ఇక్కడ గురువు మారినా మంత్రి మారినా వ్యవహారం అంత తేలిగ్గా పోదు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట నలగామరాజు దగ్గర బ్రహ్మనాయుడి మాట చెల్లకుండా పోయి, నాయకురాలు నాగమ్మ మాట చెల్లుబాటయింది. ఫలితం? మాచర్ల ఒక రాజ్యం, గురజాల ఒక రాజ్యం, మధ్యలో కోడిపందెం, ఏడేళ్ళ వలస, ఆఖరికి కారెంపూడి యుద్ధం. ఇప్పటికీ ఏటా కారెంపూడిలో వీరుల తిరునాళ్ళు చేసుకుంటున్నాం. నాగమ్మది తప్పా, బ్రహ్మనాయుడిది తప్పా అని మా మేనత్తలు పప్పు రుబ్బుతూ పోట్లాడుకోవడం నా చెవులతో విన్నాను. ఒక్క మాట చెప్పాలి. ఆడది మంత్రి అయ్యేసరికి రాజ్యం చెడిందనే మాటని నేను చిన్నప్పట్నించీ ఒప్పుకోలేదు. పందెంలో ఓడినవాళ్ళు చెప్పుకున్న కథలో గెలిచినామె మంచిగా ఎట్లా ఉంటుంది?

అదట్లా ఉంచండి. కొత్తాయన వచ్చిన రెండు నెలలకి పధ్నాలుగు మందిలో ఎనిమిది మంది మిగిలారు. ఆయన ఎవర్నీ పొమ్మనలేదు, పల్లెత్తు మాట అనలేదు. పిల్లలే ఒక్కొక్కరూ మానేశారు. పోటీల్లో మొదటి ఆటలోనే ఓడి వచ్చారు. యూనివర్సిటీ జట్టుకి ఒక్కరు కూడా పోలేదు. "అంతా ఆ పటియాలా చదువు మహత్యం" అని పాత పార్టీ తీర్మానించింది. నేను ఆ మాటతో ఏకీభవించలేదు. ఎందుకంటే అప్పటికి నాకు గురజాల పిల్ల తల్లితో మాటలయ్యాయి.

ఆవిడ కూతురి స్కాలర్‌షిప్పు కాయితాల కోసం వచ్చి, ఆఫీసు తెరిచేదాకా నా పక్కన బెంచీ మీద కూచుంది. మాటల్లో అడిగింది.

"ఆ సారు లేడంటగా అమ్మా?"

"బదిలీ అయిందమ్మా. కొత్తాయన కూడా మంచివాడే."

"మంచోడే అయ్యుంటాడు. మంచోడని నాకెట్టా తెలిసిద్ది?" అంది. తర్వాత కాసేపు చీరకొంగుతో ముఖం తుడుచుకుని, "ఆయన మా ఇంటికొచ్చి, నులకమంచం మీద కూకోని, మజ్జిగ తాగి, మా ఆయనతో మాట్టాడి తీసకపోయాడమ్మా పిల్లని. రాత్రి పదైనా సరే, మా గుమ్మంలో దించి, నాకు చెప్పి పోయేవోడు. పిల్లని కాలేజీకి అప్పజెప్పలేదు నేను, ఆయనకి అప్పజెప్పా. ఆయన్ని పంపిచ్చేటప్పుడు మమ్మల్నెవురన్నా అడిగారా?"

ఏం చెప్పను? అడగలేదు.

పెద్ద పెద్ద మాటలు రాసి పొట్టపోసుకునేదాన్ని, ఆవిడ ముందు నోట మాట రాలేదు. ఆ కుర్రాడికి పటియాలాలో కీళ్ళ గురించీ, కండరాల గురించీ, ఆట వ్యూహం గురించీ నేర్పి ఉంటారు. దుర్గి వైపు ఊళ్ళో మజ్జిగ తాగకపోతే ఆడపిల్ల రాదని ఏ పుస్తకంలో రాసి ఉంటుంది? ఆయన తప్పు కాదది. ఆయనకి చెప్పినవాళ్ళు లేరు. చెప్పగలిగిన మనిషిని నూట యాభై కిలోమీటర్ల అవతలికి పంపేశారు. చెప్పగలిగిన పుస్తకం కిటికీ గట్టు మీద దుమ్ముకొట్టుకుంటోంది.

సరిగ్గా ఆ నవంబరులోనే అమెరికా నించి మా అక్కయ్య కొడుకు ఫోను. వాడు టెక్సస్‌లో చదువుకుంటున్నాడు. గొంతులో ఎక్కడలేని ఆవేశం. "పిన్నీ, మా యూనివర్సిటీ కోచ్‌ని పీకేశారు!" వాడిది టెక్సస్ ఏ అండ్ ఎం. జింబో ఫిషర్ అని ఫుట్‌బాల్ కోచ్, అంటే మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు, చేత్తో పట్టుకుని పరిగెత్తి గుద్దుకునే ఆట. పిల్లలు ఆడేది కాలేజీ ఆటే గానీ చూడ్డానికి లక్ష మందికి పైగా పట్టే స్టేడియం ఉందట. ఒప్పందం మధ్యలో తీసేసినందుకు ఆయనకి యూనివర్సిటీ ఇవ్వాల్సి వచ్చిన సొమ్ము ఏడు కోట్ల డాలర్ల పైచిలుకు. మన లెక్కలో ఆరు వందల కోట్ల రూపాయల పైమాటే. పొమ్మన్నందుకు! నేను రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాను. మావారు బ్యాంకు మనిషి, ఆ అంకె వినగానే కాగితం మీద సున్నాలు వేసి చూసుకున్నారు. మరి మా పి.డి. గారికి ఏమిచ్చారయ్యా అంటే, ఒక శాలువా, ఒక గోడగడియారం. గడియారం ప్రిన్సిపాల్ గారి సొంత డబ్బుతో కొన్నదట, పాపం.

"అక్కడ కోచ్ మారితే ఆడే పిల్లలు ఏం చేస్తార్రా?" అని అడిగాను. "వాళ్ళిష్టం పిన్నీ, కావాలంటే ఇంకో యూనివర్సిటీకి వెళ్ళిపోవచ్చు, దానికో పద్ధతుంది" అన్నాడు. వాళ్ళకి వెళ్ళిపోవడానికి ఇంకో యూనివర్సిటీ ఉంది. మా పిల్లలకి వెళ్ళడానికి ఇల్లొక్కటే ఉంది.

అమెరికా అనగానే అంతా డాలర్ల వ్యవహారమేనని తీసిపారేయడానికీ లేదు. ప్యాట్ సమిట్ అని ఒకావిడ ఉండేది. 1974లో, ఇరవై రెండేళ్ళ వయసులో, టెన్నెసీ యూనివర్సిటీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌కి కోచ్ అయింది. మొదట్లో పిల్లల యూనిఫారాలు తనే ఉతికి, వ్యాను తనే నడుపుకుంటూ పోటీలకు తీసుకెళ్ళేదట. ముప్ఫై ఎనిమిది సీజన్లు అదే యూనివర్సిటీలో ఉంది. 1,098 ఆటలు గెలిపించింది, ఎనిమిదిసార్లు జాతీయ విజేతలుగా నిలబెట్టింది. 2011లో, అరవై నిండకుండానే మతిమరుపు జబ్బు మొదలైందని తనే బయటపెట్టింది. 2012లో తప్పుకుంటే ఆ స్థానంలోకి వచ్చింది ఎవరు? ఒకప్పుడు ఆవిడ దగ్గర ఆడి, తర్వాత ఏళ్ళ తరబడి ఆవిడ పక్కనే సహాయకురాలిగా పనిచేసిన హాలీ వార్లిక్. పిల్లలకి కొత్త ముఖం కాదు. 2019లో ఆమెనీ తీసేశారనుకోండి, అక్కడ ఓటములకి అంతే మర్యాద. అయినా ప్యాట్ లేని మొదటి రోజున ఆ పిల్లలు గేటు దగ్గర నిలబడి "ఇప్పుడు మనం ఎవరికి చెప్పాలి?" అని ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సిన పని పడలేదు.

అంత దూరం ఎందుకు, మన సింధునే చూడండి. 2016లో రియోలో రజతం తెచ్చినప్పుడు గోపీచంద్ గారు పక్కనున్నారు. 2019లో బాసెల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు కిమ్ జీ హ్యూన్ అనే కొరియా ఆవిడ చేసిన సాయం గురించి సింధే చెప్పింది. ఆ కొద్ది రోజులకే భర్తకి జబ్బు చేసిందని ఆవిడ వెళ్ళిపోయింది. టోక్యోలో కాంస్యం వచ్చేనాటికి పార్క్ టే సాంగ్. 2023లో ఆయనా మారారు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. సైనా అయితే 2014లో హైదరాబాదు వదిలి బెంగుళూరులో విమల్ కుమార్ దగ్గరికి వెళ్ళింది. మరుసటేడు ప్రపంచ ర్యాంకుల్లో మొదటి స్థానానికి చేరింది. 2017లో తిరిగి గోపీచంద్ దగ్గరికే వచ్చింది. ఆమె వెళ్ళిపోయినప్పుడు ఎంత నొచ్చుకున్నారో 2020లో వచ్చిన ఒక పుస్తకంలో గోపీచంద్ చెప్పుకున్నారు. ఆయన మాత్రం? ఆరిఫ్ గారి దగ్గర నేర్చుకుని, ప్రకాశ్ పదుకోన్ అకాడమీలో సానబట్టుకుని, గంగూలీ ప్రసాద్ గారి శిక్షణలో 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు.

అంచేత గురువు మారడమే పాపమని నేననను. తుమ్మెద ఒక్క పువ్వు మీదే కూచోవాలని రూలు లేదు. కానీ సైనా వెళ్ళింది తన ఇష్టంతో. వచ్చింది తన ఇష్టంతో. సింధు కోచ్‌ని మార్చుకుంది, సింధుకి కోచ్‌ని మార్చలేదు. ఈ రెంటికీ మధ్య ఎంత తేడా ఉందో పెళ్ళిచూపులకి కూచున్న ప్రతి ఆడదానికీ తెలుసు.

ఇంకో ముచ్చట చెప్పి తీరాలి. మహిళల కబడ్డీ ఆసియా క్రీడల్లో 2010లోనూ, 2014లోనూ స్వర్ణం మనదే. 2018లో జకార్తాలో ఫైనల్. మనకెదురుగా ఇరాన్ జట్టు. ఆ జట్టు కోచ్ ఎవరనుకున్నారు? మన నాసిక్ ఆవిడ, శైలజా జైన్! ఇరాన్ పిల్లలతో మాట్లాడటం కోసం వాళ్ళ ఫార్సీ భాష కొంత నేర్చుకుంది, వాళ్ళ చేత యోగాసనాలు వేయించింది. 27-24తో మనవాళ్ళు ఓడిపోయారు. నేను టీవీ ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. అవి మన పిల్లలు ఓడినందుకో, ఆవిడ గెలిచినందుకో ఈనాటికీ తేల్చుకోలేదు. 2023లో హాంగ్‌జౌలో చైనీస్ తైపీ మీద ఒకే ఒక్క పాయింటు తేడాతో స్వర్ణం మళ్ళీ మనకొచ్చింది, అది వేరే సంగతి. నన్ను పట్టుకున్నది ఆ ఫార్సీ. భాష తెలియని దేశంలో ఆడపిల్లల్ని గెలిపించాలనుకున్న మనిషి ముందుగా వాళ్ళ మాట నేర్చుకుంది. పేటలో ఉద్యోగానికొచ్చిన తెలుగువాడికి మాచర్ల తండా పిల్ల ఇంట్లో మాట్లాడే మాట నేర్చుకోవాలని తోస్తుందా?

పటియాలా కుర్రాడు ఏడాది తిరక్కుండానే ఇంకెక్కడో మంచి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు నాకు నమస్కారం పెట్టి, "నాకిక్కడ ఎందుకో కుదర్లేదండీ" అన్నాడు. గొంతులో నిజమైన బాధే ఉంది. తర్వాత కొన్ని నెలలు అసలెవరూ లేరు. స్టోర్ రూము తాళంచెవి అటెండరు దగ్గర. మిగిలిన ఎనిమిది మందీ తమంతట తామే సున్నంతో గీతలు గీసుకుని, ఇద్దరు ముగ్గురుగా ఆడుకునేవాళ్ళు. కారెంపూడి పిల్ల ఈల నోట్లో పెట్టుకుని అచ్చం పాత సారులాగా కేకలేస్తుంటే నవ్వొచ్చేది, గొంతు పట్టేసేది. ఆ పైన గంటల లెక్కన జీతానికి ఒకాయన వచ్చాడు. గంట కాగానే ఆయన వెళ్ళాలి, ఇంకో కాలేజీలో ఇంకో గంట ఉంది. ఆయన్నేమంటాం, ఆయన పొట్ట తిప్పలు ఆయనవి.

ఆ ఎనిమిది మందిలో ముగ్గురికి పెళ్ళిళ్ళయ్యాయి. ఒక పెళ్ళికి నేనూ వెళ్ళాను. పెళ్ళికూతురు నా చెయ్యి పట్టుకుని, "మీరింకా గ్రౌండుకి వెళుతున్నారా ఆంటీ?" అని అడిగింది. వెళుతున్నానన్నాను. "నా షూ స్టోర్ రూములోనే ఉండిపోయినయ్. ఎవురికన్నా సరిపోతే వాడుకోమనండి" అంది. ఆ షూ నేనే అడిగి తీయించాను. అవి రిజిస్టర్లో లేవు గనక ఇవ్వడానికి గుమస్తాకి అభ్యంతరం లేకపోయింది.

నేను గవర్నమెంటుకి సలహాలిచ్చేదాన్ని కాదు. అయినా ఒక అభిమానిగా నా గోడు ఇది: బదిలీలు వద్దంటే ఎట్లా? పాత సారుకీ పిల్లలున్నారు, ఆయనకీ సొంత ఊరు దగ్గర్లో ఉండాలని ఉంటుంది. కానీ ఆ ఆర్డరేదో పోటీలయ్యాక ఇవ్వకూడదా? వచ్చేవాడూ పోయేవాడూ ఓ పదిహేను రోజులు ఒకే గ్రౌండులో కలిసి ఉండకూడదా? ఇద్దరూ కలిసి గురజాలా, దుర్గీ, మాచర్లా ఓ చుట్టు తిరిగి, "ఇకనించి మీ అమ్మాయి బాధ్యత ఈయనది" అని ఆ నులకమంచాల మీద కూచుని చెప్పి రాకూడదా? మజ్జిగ ఖర్చు కాలేజీది కూడా కాదాయె. చెస్ మంత్రి కోసం పావుగంట వెతికే తీరిక ఉన్నవాళ్ళకి ఈ మాత్రం తీరిక ఉండదా?

2022 ఏప్రిల్‌లో పల్నాడు వేరే జిల్లా అయ్యి, మా పేట జిల్లా కేంద్రమయింది. ఆఫీసులు వచ్చాయి, బోర్డులు మారాయి. 2025 ఆగస్టు పదిహేను నించి ఆడవాళ్ళకి పల్లెవెలుగు బస్సుల్లో టిక్కెట్టు లేదు. ప్రాక్టీసుకొచ్చే పిల్లకి ఛార్జీ బాధ తీరింది, సంతోషమే. కానీ ఎక్కించడానికి అమ్మకి ధైర్యం కావాలి గదా.

మొన్నీమధ్య కొత్త పి.డి. వచ్చింది. ఈసారి ఆడమనిషి. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, తనూ ఒకప్పుడు కబడ్డీ ఆడిందట, కుడి మోకాలికి కట్టు గుర్తుంది. మొదటి మూడు రోజులూ ఎవరితోనూ మాట్లాడకుండా గ్రౌండు చుట్టూ తిరిగింది. నాలుగో రోజు మా బెంచీ దగ్గరికి వచ్చి, "అక్కా, మీరు రోజూ వస్తారట గదా, కిందటి జట్టులో ఉన్న పిల్లలు ఎక్కడెక్కడివాళ్ళో తెలుసా?" అని అడిగింది. నన్నడిగే దాకా వచ్చిందంటే ఆ నీలం నోటుబుక్కు ఆవిడకి దొరకలేదన్నమాట. అటెండర్ని అడిగితే పాత కాగితాలతో పాటు తూకానికి వేశామన్నాడు.

నాకు గుర్తున్నంత చెప్పాను. ఏ పిల్ల ఏ ఊరు, ఎవరికి అమ్మతో మాట్లాడాలి, ఎవరి నాన్న ముందు ఏ మాట ఎత్తకూడదు. ఆవిడ ఫోను పక్కనపెట్టి, బ్యాగులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంది. నిన్న సాయంత్రం టీకొట్టు దగ్గర నిలబడి గురజాల బస్సు ఎన్నింటికి, మాచర్ల ఆఖరి బస్సు ఎన్నింటికి అని బాబాయిని అడుగుతోంది. బాబాయి చెప్పిన మాచర్ల బస్సు టైము ఎప్పుడో మారిపోయింది. ఇవాళ కాస్త పెందలాడే వెళ్ళి ఆవిడకి చెప్పాలి.